సాయం కుర్చీ

అక్టోబర్ 12, 1986

ఒరే బోహుష్,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. తేనె సీసా కూడా భద్రంగా అందింది. జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చించేశాను. ఈసారి ముందే కవరుకి స్టాంపు అంటించి కూర్చున్నాను. నా పిసినారితనం నీకు తెలుసుగా, స్టాంపు పాడుచేయడానికి ప్రాణం ఒప్పదు.

నా పెదవి పోయిందిరా.

ఈ మాటకి అర్థం నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. కుడివైపు మూల. ఇత్తడి హార్న్‌ని గట్టిగా ఊదేటప్పుడు ఏమీ ఉండదు. మాట్లాడేటప్పుడు, సూప్ తాగేటప్పుడు, ఆఖరికి ఇంట్లో పోట్లాడేటప్పుడు కూడా ఉండదు. పైస్థాయిలో మెత్తగా అందుకోవాల్సిన స్వరం ముందు, మౌత్‌పీస్ ఆనించి గుక్క తీసుకోగానే ఆ మూల తనంతట తాను అదరడం మొదలుపెడుతుంది. బ్ర్నోలో నరాల డాక్టరుకి చూపించుకున్నాను. ఈల వేయమన్నాడు, వేశాను. బుగ్గలు పూరించమన్నాడు, పూరించాను. "యాభై ఎనిమిదేళ్లకి ఇంత గట్టి మూతి నేను చూడలేదండీ" అని మెచ్చుకుని పంపేశాడు. సంచిలోంచి హార్న్ తీసి వాయించి చూపిద్దామనుకుంటే, పక్క గదిలో రోగులు ఉలిక్కిపడతారని నర్సు వద్దంది.

ఇంతవరకూ అయితే నీకు దాచేవాణ్ణి కాదు. ముసలితనం ఎవరికైనా వస్తుంది. నువ్వు మంచు మీద జారి ముందు పళ్లు పోగొట్టుకున్న నాడు, "రెండో హార్న్ కుర్చీ ఖాళీ చేసి తేనెటీగలు పెంచుకుంటాను" అని వారం తిరక్కుండా తేల్చేశావు. నేను అంత మగాణ్ణి కాను. రెండేళ్లుగా నేను సోలోలు వాయించడం లేదు. విల్మా వాయిస్తోంది.

విల్మా నీకు గుర్తుందా? హార్న్ కన్నా తనే చిన్నగా ఉండేది, బూట్లు ఎప్పుడూ తడిసి ఉండేవి. మన సంగీత పాఠశాలలో నా దగ్గర ఏడేళ్లు నేర్చుకుంది. ఇప్పుడు ముప్పై మూడేళ్లు. తొమ్మిదేళ్లుగా ఏడాదికోసారి రాసే కాంట్రాక్టు మీద నా పక్కన సాయం కుర్చీలో కూర్చుంటోంది. అందరూ కలిసి హోరెత్తించే చోట్ల మొదటి హార్న్ వాద్యకారుడు, అంటే నేను, అలిసిపోకుండా నా బదులు వాయించడం, సోలో రాగానే తన హార్న్ ఒళ్లో పెట్టుకుని ఊరుకోవడం ఆ కుర్చీ పని. మేము దాన్ని తిరగేశాం. హోరులో నేను వాయిస్తాను. సోలో రాగానే హార్న్ పెదవికి ఆనించి, బుగ్గలు బిగించి, వేళ్లు కదుపుతాను. లోపలికి ఊపిరి పోదు. పక్కనే తను కూడా హార్న్ ఎత్తి పట్టుకుని నిజంగా వాయిస్తుంది.

ఎవరికీ ఎలా తెలియలేదని అడుగుతావు. నువ్వే ఆలోచించు. మన వాద్యానికి నోరు వెనక్కి. శబ్దం వెనక గోడకి కొట్టుకుని హాల్లోకి వెళ్తుంది. పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఎవరిదో తేల్చడం టికెట్టు కొని కూర్చున్నవాళ్ల తరం కాదు. ఆర్కెస్ట్రాని నడిపించే మన కండక్టరు సోలోలప్పుడు కళ్లు మూసుకుని తల పైకెత్తి పరవశించిపోతాడు, అది నా పాలిట వరమైంది. ఆర్కెస్ట్రాలో మా వెనక వరుసలో అందరికీ తెలుసు. కానీ వెనక వరుస మాట ముందు వరుసకి పోదు, నువ్వున్న రోజుల్లోలాగానే.

అది మొదలైన రోజు చెబుతాను. సింఫనీ నెమ్మది భాగంలో ఆ రెండు నిమిషాల సోలో. గుక్క తీసుకున్నాను, మూల అదిరింది, ఇక అయిపోయానని అనుకున్నాను. అంతలో నా సోలో నా పక్కనుంచి వినిపించింది. అచ్చం నాది. స్వరం చివర మన మాస్టారి దగ్గర మనం నేర్చుకున్న ఆ చిన్న వణుకుతో సహా, మూడో వాక్యం ముందు నేను తీసుకునే దొంగ గుక్కతో సహా. విరామంలో నేను విల్మా మొహం చూడలేకపోయాను. "మాస్టారూ, మీకు దగ్గొచ్చిందేమో అనుకుని అందుకున్నానండీ" అంది. నేను దగ్గి చూపించాను. ఆ దగ్గు మీద రెండేళ్లు బతికాను.

నేను సిగ్గు లేనివాణ్ణి అనుకో, ఫర్వాలేదు. కానీ ఆ కుర్చీలోంచి లేస్తే ఇక నేనెవరిని? నువ్వు తేనెటీగలతో మాట్లాడతావు. నాకు అదీ రాదు.

నీ
ఒటకార్


ఫిబ్రవరి 22, 1987

బోహుష్,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. "నీ పెదవి కన్నా నా పళ్లే నయం, పోయాయని అందరికీ కనిపించింది" అన్నావు. తర్వాత పేజీ తిప్పితే ఒక్క ప్రశ్న రాసి సంతకం పెట్టేశావు. "మరి ఆ పిల్ల గతేంటి?" నాలుగు నెలలుగా ఆ కాగితం నా కోటు జేబులోనే ఉంది. ఆ ప్రశ్న నేను వేసుకోలేదంటే నువ్వు నమ్మవు. వేసుకోలేదు.

అందుకే పోయిన వారం ఆర్కెస్ట్రా డైరెక్టరు మారెష్ గదికి వెళ్లి, ఈ సీజనుతో దిగిపోతున్నానని చెప్పాను. ఆయన కాఫీ తెప్పించాడు. జూన్ ఇరవైన వీడ్కోలు కచేరీ అన్నాడు, పోస్టర్లన్నాడు, ఉక్కు కర్మాగారం వాళ్లు పూలబుట్ట పంపుతారన్నాడు. నేను వచ్చిన పని ఎత్తాను.

"నా కుర్చీకి విల్మా ఉందిగా" అన్నాను.

"విల్మా మంచి పిల్లే" అన్నాడు. "సాయానికి బాగుంటుంది. మొదటి కుర్చీ అంటే వేరు కదా ఒటకార్. ఒక ముద్ర ఉండాలి. పోయిన ఏప్రిల్‌లో రేడియోలో మీరు వాయించారే, అలాంటిది. ఆ పిల్లకి అది ఎక్కడినుంచి వస్తుంది చెప్పండి?"

ఏప్రిల్‌లో రేడియోలో వాయించింది విల్మా. నేను బుగ్గలు బిగించి కూర్చున్నాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నోరు తెరిచాను కూడా. తెరిచి "థాంక్సండీ" అన్నాను.

నన్ను నేను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో రాస్తే ఈ కవరు బరువెక్కుతుంది. ఒక్క మంచి మాట మాత్రం పట్టుబట్టి ఒప్పించాను. కుర్చీని పిలిచి ఇవ్వకుండా పోటీ పెట్టాలి, మొదటినుంచి చివరిదాకా తెర ఉండాలి. ఎవరొచ్చారో పేరు తెలియకూడదు, ఆడో మగో బూట్ల చప్పుడుకి తెలియకుండా తివాచీ పరవాలి, అభ్యర్థులు ఒక్క మాట మాట్లాడకూడదు. ఏడుగురు న్యాయనిర్ణేతలు, అందులో నేనొకణ్ణి. మారెష్ ఒప్పుకున్నాడు, దానివల్ల తనకి పోయేదేమీ లేదనుకున్నాడు. వయసు ముప్పై అయిదు దాటకూడదని షరతు పెట్టాడు. అంటే విల్మాకి ఇదొక్కటే అవకాశం. నేను దిగిపోతే సాయం కుర్చీ కూడా తీసేస్తారు. గెలిస్తే మొదటి కుర్చీ, ఓడితే దానికి ఈ ఆర్కెస్ట్రాలో అసలు చోటే లేదు.

క్యాంటీన్లో కూర్చోబెట్టి చెప్పాను. గసగసాల రొట్టె తుంచుతూ వింది. సంతోషపడుతుందనుకున్నాను.

"మాస్టారూ, తెర ఉంటే మీకెలా తెలుస్తుందండీ, ఏది నేనో?" అంది.

"పిచ్చిదానా, రెండు స్వరాల్లో పట్టేస్తాను. ఆ వణుకు నీకు నేర్పిందెవరు? నేను పట్టేశాక నా ఓటెటో చెప్పాలా?"

"నన్నే పడతారా?"

"నిన్ను కాకపోతే క్యాంటీన్లో వంటమనిషిని పడతానా."

నవ్వలేదు. రొట్టె ముక్క పళ్లెంలో పెట్టి, "ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. నేను ఒక్కదాన్నే వాయిస్తుండగా మీరు చివరిసారి ఎప్పుడు విన్నారు?" అంది.

"రోజూ వింటూనే ఉన్నాగా, చెవి పక్కనే" అన్నాను.

"అవునులెండి" అని మిగతా రొట్టె తినేసింది. ఆడపిల్ల, పోటీ అనేసరికి బెదిరిందనుకున్నాను. ధైర్యం చెప్పి, టీ తాగించి పంపాను. న్యాయనిర్ణేతగా ఉండి అలా ముందే మాటిచ్చేయడం తప్పని నువ్వంటావు. అబద్ధం మీద రెండేళ్లు కూర్చున్నవాడికి ఈ తప్పు చీమంత. ఈ ఒక్కటీ సరిచేస్తే నేను మనిషినేనని నాకు అనిపిస్తుందిరా.

నీ
ఒటకార్


మే 17, 1987

బోహుష్,

ఇది ఎవరికీ చదివి వినిపించకు. నీ భార్యకి కూడా.

గురువారం పోటీ జరిగింది. పదకొండు మంది వచ్చారు. నల్లటి తెర, దాని వెనక తివాచీ, మా ముందు కాగితాలు. సెక్రటరీ "ఒకటో నంబరు" అంటుంది, ఎవరో వాయిస్తారు, మేము రాసుకుంటాం. మన దగ్గర పాత పద్ధతి నీకు గుర్తుండే ఉంటుంది. ఒక్కో అభ్యర్థి గురించి ఒక్కో వాక్యం రాయాలి. ఓడినవాళ్లకి దిద్దుకోవడానికి పనికొస్తాయని ఆ వాక్యాలు కత్తిరించి వాళ్ల చేతికే ఇస్తారు. పేర్లు ఉండవు, చేతిరాత ఉంటుంది.

చివరి విడతలో అదే సోలో, నెమ్మది భాగంలోది. ముగ్గురు మిగిలారు. వాళ్లలో నాలుగో నంబరు వాయించినప్పుడు గదిలో కాస్త కదలిక వచ్చింది. స్వరం తిన్నగా వచ్చింది, చివర వణుకు లేదు, ఏ అలంకారమూ లేదు. మనం ఎవరం ఎన్నడూ ఊపిరి తీసుకోని చోట తీసుకుని, మనం తీసుకునే చోట ఆగకుండా వెళ్లిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఎవడో జర్మనీ రికార్డులు విని చెడిపోయిన కుర్రాడు, మన బడి బాణీ అంటే లెక్కలేనివాడు అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండడానికి ఇంకో కారణం ఉంది. అది బాగుంది. విల్మాకి అడ్డం వచ్చేటంత బాగుంది. అందుకే కలం గట్టిగా నొక్కి రాశాను: "తప్పులు లేవు. లోపల మనిషి కూడా లేడు."

తర్వాత ఏడో నంబరు. మొదటి స్వరం చివర నా వణుకు. మూడో వాక్యం ముందు నా దొంగ గుక్క. కళ్లలో నీళ్లు తిరిగాయిరా. రెండు స్వరాల్లో పట్టేస్తానన్నాను, ఒక్క స్వరానికే పట్టేశాను. వచ్చావా తల్లీ అనుకున్నాను.

ఓట్లు మూడూ మూడుగా చీలాయి. సగం మంది నాలుగు అన్నారు, సగం మంది ఏడు అన్నారు. మారెష్ కూడా నాలుగే అన్నాడు తెలుసా? అందరూ నా వైపు చూశారు. హార్న్ కుర్చీ కాబట్టి చివరి మాట నాదే. పావుగంట మాట్లాడాను. బడి అన్నాను, పరంపర అన్నాను, నాలుగో నంబరు ఎంత శుభ్రమైనా మన గోడకి కొట్టుకుని వచ్చే శబ్దం కాదన్నాను. ఏడో నంబరుకి ఓటేశాను. మనసు తేలికైంది. రెండేళ్ల తర్వాత మొదటిసారి.

తెర తీశారు. ఏడో నంబరు దళసరి మీసాల మనిషి. రాదిమ్ అట, సైనిక బ్యాండులో వాయిస్తున్నాడట. పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మాస్టారూ, మీకు శిష్యుణ్ణి కాకపోయినా శిష్యుణ్ణే" అన్నాడు. "పోయినేడాది ఏప్రిల్‌లో మీ రేడియో కచేరీ టేపు చేసుకున్నాను. ఆ ఒక్క సోలో మీద ఏడాది కూర్చున్నాను. టేపు అరిగిపోయిందండీ, నమ్మండి."

నేను తలుపు వైపు చూశాను. విల్మా అక్కడ నిలబడి ఉంది, సెక్రటరీ కత్తిరించి ఇచ్చిన కాగితం ముక్కలు పట్టుకుని. కోటుకి గుచ్చిన నంబరు నాలుగు. అప్పటికే చదివేసింది. నా చేతిరాత దానికి తెలియనిదా, ఏడేళ్లు దాని పాఠం పుస్తకం నిండా నేనే రాశాను. దగ్గరికి వచ్చి రాదిమ్‌కి చెయ్యిచ్చింది. "చాలా బాగా వాయించారు. మూడో వాక్యం ముందు ఆ గుక్క మరీ బాగుంది" అంది. వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

చూశావా ఏం జరిగిందో. రెండేళ్లు అది నాలా వాయించింది, నేను దొరక్కుండా ఉండడానికి. నేను అదే దాని శబ్దం అనుకున్నాను. దాని సొంత శబ్దం నా ముందుకి ఒక్కసారి వచ్చింది, వస్తే లోపల మనిషి లేడని రాశాను.

మర్నాడు మారెష్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పేశాను. ఆలస్యంగా అయినా చెప్పాను. ఆయన లేచి తలుపు వేశాడు. "ఇప్పుడు ఇది బయటపెడితే ఎవరు మునుగుతారో ఆలోచించారా?" అన్నాడు. "మీరు ఎలాగూ దిగిపోయే మనిషి. మీకో నాలుగు తిట్లు పడతాయి. ఆ పిల్ల మాత్రం రెండేళ్లు జనాన్ని మోసం చేసిన మనిషి అవుతుంది. దేశంలో ఏ ఆర్కెస్ట్రా తలుపు తీస్తుంది దానికి?" టోపీ తీసుకుని బయటికి వచ్చేశాను.

విల్మా ఇంటికి వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. వాళ్లమ్మ లోపలినుంచి "మాస్టారిని కూర్చోమనవే" అంటూనే ఉంది. వీడ్కోలు కచేరీలో నువ్వు రావద్దు, నేనే వాయించి అందరి ముందూ పాడుచేసి పోతాను అన్నాను. "వద్దు మాస్టారూ. ఒప్పుకున్న పని. వస్తాను" అంది. చెంప మీద కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు.

నువ్వేం సలహా రాయకు. ఇక దేనికీ పనికిరాదు.

ఒటకార్


జూలై 2, 1987

గౌరవనీయులైన మాస్టారికి,

విల్మా నమస్కరించి రాయునది. మీ రెండు ఉత్తరాలూ అందాయి. మూడోసారి క్షమాపణ అడగకండి, చదవడానికి నాకు ఇబ్బందిగా ఉంటుంది. నేను ఇప్పుడు మా పిన్ని ఊళ్లో ఉన్నాను. సెప్టెంబరు నుంచి ఇక్కడి బడిలో పిల్లలకి పిల్లంగోవి నేర్పాలి. హార్న్ ఆర్కెస్ట్రా వాళ్లది కాబట్టి అప్పగించేశాను. స్టోరు గుమాస్తా దాన్ని తిప్పి తిప్పి చూసి, సొట్టలు లేవని రసీదు ఇచ్చాడు.

మీరు అడిగినదానికి జవాబు చెబుతాను. నేను కావాలని మిమ్మల్ని మోసం చేయలేదు. క్యాంటీన్లో మీరు నన్ను రెండు స్వరాల్లో పట్టేస్తానన్నారు కదా. ఆ మాట విన్న దగ్గరనుంచి నాకు నిద్ర లేదు. నేను మీలా వాయించి గెలిస్తే మీ కుర్చీలో మళ్లీ మీరే కూర్చున్నట్టు, నేను ఇంకా పక్కన సాయానికి ఉన్నట్టు. ఇంకో పాతికేళ్లు. తెర ఉంది, పేరు లేదు, తివాచీ ఉంది. ఒక్కసారి అక్కడైనా నేను వాయించేలా వాయిద్దామనుకున్నాను. మా ఇంట్లో అలా వాయించడానికి లేదు. గోడలు పల్చన, పక్కవాళ్లు చీపురుతో బాదుతారు. హార్న్ నోట్లో పాత స్వెటర్ కుక్కి వాయించుకునేదాన్ని. అందుకే ఆ రోజు గదిలో అది ఎలా వినిపిస్తుందో నాకూ తెలియదు. నాకు బాగుందనిపించింది మాస్టారూ. మీ కాగితం చదివేదాకా.

కచేరీ రోజు సంగతి. అది కూడా అనుకుని చేసింది కాదు. మీకు మర్యాదగా వీడ్కోలు ఇవ్వాలనే వచ్చాను, మీ వణుకు, మీ గుక్క అన్నీ సిద్ధం చేసుకునే కూర్చున్నాను. మీరు ఎప్పటిలా సైగగా మోకాలు కదిపారు, నేను హార్న్ ఎత్తాను. ఊపిరి తీసుకునేసరికి మీరు ఎలా మొదలుపెడతారో గుర్తు రాలేదు. రెండేళ్లుగా చేస్తున్నది ఆ క్షణంలో పూర్తిగా పోయింది. నాది మాత్రమే మిగిలింది. అదే వాయించాను.

రెండో వాక్యానికి మీరు హార్న్ దించేశారు. నేను ఓరకంట చూశాను. దించి, ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టి, కుర్చీలో నా వైపు తిరిగి కూర్చున్నారు. వెయ్యి మంది ముందు మొదటి హార్న్ చేతులు ముడుచుకుని కూర్చుంటే సోలో వినిపిస్తోంది. ఇప్పుడు అందరికీ తెలిసిపోతుంది, ఇద్దరం అయిపోయాం అనుకున్నాను. నిజం చెప్పనా, తెలిస్తే తెలియనీ అని కూడా అనుకున్నాను. ఆపలేదు. మీరు అలా చివరిదాకా నా వైపే చూస్తూ విన్నారు. నేను ఒక్కదాన్నే వాయిస్తుండగా మీరు వినడం అదే కదా మొదటిసారి. మీకు ఎలా అనిపించిందో ఉత్తరంలో రాశారు. దానికి థాంక్స్. పోటీ రోజు మీరు రాసిన ఆ కాగితం ముక్క ఇందులో పెట్టి మీకే పంపుతున్నాను. మీరు కొట్టేసి ఇంకోటి రాస్తానన్నారు. రాసుకోండి, నాకు మాత్రం పంపకండి.

ఎవరూ చూడలేదు మాస్టారూ. కండక్టరుగారు కళ్లు మూసుకున్నారు. మన వరుస ముందు ఉక్కు కర్మాగారం వాళ్ల పూలబుట్ట, మనిషెత్తు ఉంది. వెనక వరుసలో వాళ్లు చూశారు, వాళ్లు నోరెత్తరు. చప్పట్లప్పుడు కండక్టరుగారు మిమ్మల్ని లేవమంటే మీరు నా చెయ్యి పట్టుకుని నన్ను లేపారు, "తనే, తనే" అన్నారు. హాలంతా ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది. ఎంత పెద్ద మనసని మీకే కొట్టారు. మీ మొహం నేను మర్చిపోలేను. పేపరు చూశారో లేదో, కత్తిరించి పంపుతున్నాను. "ఇరవై ఆరేళ్ల తర్వాత చివరి రోజున ఒటకార్ తన పాత వణుకుని వదిలేసి కొత్త గొంతు కనుక్కున్నాడు, పదేళ్ల ముందే ఇలా వాయించి ఉంటే" అని రాశారు. రాదిమ్ కూడా ఆ రోజు టేపు చేసుకున్నాడట. ఆ వణుకు మానేయడానికి ఎన్నాళ్లు పడుతుందో అని దిగులు పడుతున్నాడని విన్నాను.

మీరు ఇంక ఎవరికీ ఏమీ చెప్పకండి. చేయగలిగింది మీరు చేశారు, అందరి ముందే చేశారు.

ఆ రోజు మా అమ్మ కూడా వచ్చింది, కింద హాల్లో చివరన కూర్చుంది. తొమ్మిదేళ్లలో తను కచేరీకి రావడం అదే మొదలు. ట్రాములో ఇంటికి వస్తుంటే చేతిరుమాలుతో కళ్లొత్తుకుంటూ కూర్చుంది. మా స్టాపు దగ్గర దిగుతూ నా భుజం మీద చెయ్యి వేసింది.

"మీ మాస్టారు ఎంత బాగా వాయించారే. ఇన్నేళ్లు పక్కన కూర్చున్నావు, నువ్వు అలా ఎప్పటికి వాయిస్తావో" అంది.

నేర్చుకుంటానమ్మా అన్నాను.

విల్మా